డాక్టర్ మేరీ వర్గీస్: స్వస్థత తరువాతి పని

కపెర్నహూములో నలుగురు మోసుకొచ్చిన పక్షవాయువు గలవాడు అందరూ చూస్తుండగా పరుపెత్తుకొని నడిచి వెళ్లిపోయాడు. ఈ భాగం మీద ప్రసంగించని పాస్టరు ఉండడు. నేనూ చాలాసార్లు ప్రసంగించాను. అయితే ప్రసంగం ముగిశాక, గుడి వెనుక వరుసలో చక్రాల కుర్చీలోనే ఉండిపోయిన విశ్వాసి ముఖంలోకి చూడడం ప్రతిసారీ కష్టంగానే ఉండేది. ప్రార్థన చేశాం, లేవలేదు. మరి ఆ తరువాత ఏమి చేయాలి? వేలూరులో ఒక వైద్యురాలు ఈ ప్రశ్నతోనే ముప్పై ఏళ్లకు పైగా బ్రదికారు. ఆమె పేరు మన సంఘాల్లో వినబడవలసినంతగా వినబడడం లేదు.

మేరీ వర్గీస్ 1925లో కేరళలోని కొచ్చి దగ్గర చెరాయిలో, పేరున్న క్రైస్తవ కుటుంబంలో పుట్టారు. ఎర్నాకుళం మహారాజా కళాశాలలో చదివి 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో చేరారు. చిత్తూరు దాటితే వచ్చే ఆ ఊరు మనకేమీ కొత్త కాదు. కాట్పాడి స్టేషన్‌లో రోజూ దిగే రోగుల్లో తెలుగువారు ఎందరో ఉంటారు. మన సంఘాలు సిఫారసు చేసి పంపిన బిడ్డలు ఎందరో అక్కడ చదువుకున్నారు. మేరీ మనసు స్త్రీల వైద్యం మీద ఉండేది. ప్రసవ సమయంలో స్త్రీలు, పసిబిడ్డలు చనిపోవడం చూసిన ఐడా స్కడర్ అమ్మగారు ప్రారంభించిన ఆసుపత్రిలో ఒక యువ వైద్యురాలికి అలాంటి ఆశ కలగడం సహజమే.

1954 జనవరిలో కొందరు యువ వైద్యులు విహారయాత్రకు బయలుదేరారు. వారు వెళ్తున్న బండి బోల్తా పడింది. మేరీ ముఖానికి లోతైన గాయమైంది, వెన్నుపాము దెబ్బతిన్నది. నడుము కింది భాగంలో చలనం లేదు, స్పర్శ లేదు. ఆమెకు అప్పటికి ముప్పై ఏళ్లు కూడా నిండలేదు.

ఆ రోజుల్లో మన దేశంలో వెన్నుపాము దెబ్బతిన్నవారిలో ఎక్కువమంది ఎంతోకాలం బ్రదికేవారు కాదు. ఇది ఎందుకో మనం తెలుసుకోవాలి. స్పర్శ లేని శరీరం ఒకే భంగిమలో పడి ఉంటే ఎముక నొక్కుకున్నచోట రక్తం ఆడదు. కొన్ని గంటల్లోనే చర్మం కమిలిపోతుంది. నొప్పి తెలియదు గనుక రోగి కదలడు. పుండు పడుతుంది, చీము పట్టి ఎముక దాకా పోతుంది. మూత్రం సరిగా పోక మూత్రపిండాలు పాడవుతాయి. అంటే మనిషిని చంపేది వెన్నెముక విరగడం ఒక్కటే కాదు, ఆ తరువాత ఎవరూ పట్టించుకోకపోవడం. రెండేసి గంటలకొకసారి పక్కకు తిప్పే చేతులు, శుభ్రం చేసే చేతులు, కూర్చోబెట్టి నేర్పించే చేతులు ఉంటే ఆ మనిషి బ్రదుకుతాడు.

మేరీకి అలాంటి చేతులు దొరికాయి. ఆమెకు చికిత్స చేసినవారిలో డాక్టర్ పాల్ బ్రాండ్ ఒకరు. ఆయన కొల్లి కొండల్లో మిషనరీ తల్లిదండ్రులకు పుట్టినవాడు. కుష్ఠు వ్యాధి వలన వంకరపోయిన చేతులను శస్త్రచికిత్సతో సరిచేసే పనిని 1940ల చివర వేలూరులో ఆరంభించినవాడు. ఆయన మేరీ ఎదుట ఒక ఆలోచన ఉంచాడు. కడుపు ఆపరేషన్లకు వైద్యుడు నిలబడాలి, చేతి ఆపరేషన్‌ను కూర్చునే చేయవచ్చు. ఆమె కాళ్లు పోయాయి గాని చేతులు చెక్కుచెదరలేదు. కుష్ఠు రోగుల చేతులకు ఆమె ఎందుకు శస్త్రచికిత్స చేయకూడదు?

కాన్పుల వైద్యం చేద్దామనుకున్న మనిషికి ఈ మాట ఎంత దూరంగా తోచి ఉంటుందో ఊహించవచ్చు. ఆ రోజుల్లో కుష్ఠు రోగిని తాకడానికే వైద్యులు వెనుకాడేవారు. మేరీ ఒప్పుకున్నారు. చక్రాల కుర్చీలో కూర్చొని శస్త్రచికిత్స గదిలోకి వెళ్లారు.

ఈ శస్త్రచికిత్స గురించి కొంచెం చెప్పాలి. కుష్ఠు వ్యాధి నరాలను తినేస్తుంది. చేతి లోపలి చిన్న కండరాలు చచ్చుబడి వేళ్లు గోళ్లలా ముడుచుకుపోతాయి. అయితే ముంజేతి కండరాలు చాలావరకు బలంగానే ఉంటాయి. అలాంటి మంచి కండరం తాలూకు స్నాయువును తీసి, పని మానేసిన కండరం చేయవలసిన పనికి కలిపి కుడతారు. కొన్ని వారాలు కట్టు ఉంటుంది. కట్టు విప్పిన రోజున రోగికి చేతిని ఎలా వాడాలో తెలియదు. నిన్నటిదాకా ఒక పని చేసిన కండరం నేటినుండి మరొక పని చేయాలి, ఆ సంగతి మెదడు నేర్చుకోవాలి. అక్కడ సర్జను పని అయిపోయి ఫిజియోథెరపిస్టు పని మొదలవుతుంది. ఒక్కొక్క వేలు, ఒక్కొక్క కదలిక, రోజుల తరబడి అదే పాఠం. ఆ ఓపిక లేకపోతే ఎంత గొప్ప ఆపరేషన్ అయినా వ్యర్థమే.

రోగులు మేరీని చూచిన తీరును పాల్ బ్రాండ్ తరువాతి కాలంలో తన రచనల్లో జ్ఞాపకం చేసుకున్నాడు. ముఖం మీద మచ్చతో, చక్రాల కుర్చీలో తమ మధ్యకు వచ్చే వైద్యురాలిని చూచి, లోకం వెలివేసిన ఆ మనుషులు ధైర్యం తెచ్చుకున్నారు. ఆమె వారికి ప్రసంగం చేయనక్కరలేకపోయింది.

అయితే ఆమె అక్కడితో ఆగలేదు. వీపు కింద దిండ్లు పెట్టుకొని ఎంతకాలం ఇతరుల మీద ఆధారపడాలి? ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరానికి వెళ్లి పునరావాస చికిత్స తీసుకున్నారు. మంచం మీదనుండి కుర్చీలోకి తనంతట తానే మారడం, తన పనులు తాను చేసుకోవడం అక్కడ అలవరచుకున్నారు. మనకు ఇది చిన్న సంగతిలా ఉంటుంది. స్నానాల గదికి వెళ్లాలంటే ఎవరో ఒకరు ఎత్తుకోవలసిన పెద్ద మనిషిని అడిగి చూడండి. తరువాత ఫెలోషిప్ మీద న్యూయార్క్ వెళ్లి డాక్టర్ హోవర్డ్ రస్క్ దగ్గర పునరావాస వైద్యం అభ్యసించారు. రెండవ ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికులను తిరిగి పనిలో నిలబెట్టడం నుండి ఈ వైద్యాన్ని పెంచిన వ్యక్తి రస్క్. రోగం రాకుండా చూడడం మొదటిది, వచ్చినదాన్ని నయం చేయడం రెండవది. నయం కాక మిగిలిపోయినదానితో మనిషి మనిషిగా బ్రదికేలా చేయడం మూడవది. వైద్యానికి ఈ మూడూ ఉండాలని ఆయన వాదన.

1962లో ఆమె తిరిగివచ్చారు. 1963లో వేలూరులో ఫిజికల్ మెడిసిన్, పునరావాస విభాగం బాధ్యత చేపట్టారు. 1966లో బాగాయంలో రోగులు ఉండి శిక్షణ పొందే పునరావాస సంస్థ తెరుచుకుంది. మన దేశంలో ఆ విధమైన సంస్థల్లో అది మొదటిది.

అక్కడికి వచ్చేవారు ఎవరు? చెట్టు మీదనుండి పడినవారు, బావిలో పడినవారు, రోడ్డు ప్రమాదంలో నడుము విరిగినవారు. మన గీత కార్మికుల కుటుంబాలకు ఈ కథ చెప్పనక్కరలేదు. వారి ఇంట్లో వాలు దారి ఉండదు, చక్రాల కుర్చీ దూరే తలుపు ఉండదు. వంట నేల మీద, భోజనం నేల మీద, నిద్ర చాప మీద. న్యూయార్క్ పద్ధతి ఇక్కడికి యథాతథంగా పనికిరాదు. అందుకే ఇటువంటి చోట థెరపిస్టు మొదట అడిగేది నడుస్తావా అని కాదు. నీ ఇల్లు ఎలా ఉంటుంది, ఇంట్లో ఎవరున్నారు, ఇంతకుముందు ఏ పని చేసేవాడివి అని అడుగుతాడు. భార్యకో అన్నదమ్మునికో పక్కకు తిప్పడం, పుండు పడకుండా చూడడం నేర్పిస్తాడు. రోగి చేతులతో ఒళ్లు పైకెత్తి పిరుదుల మీద బరువు తగ్గించుకోవడం వందసార్లు చేయిస్తాడు. కూర్చొని చేయగల పని ఏదైనా వెదికిపెడతాడు.

మేరీకి ఈ వృత్తిని ఎంచుకునే అవకాశం రాలేదు, ప్రమాదం ఆమెను ఇందులోకి తోసింది. అయినా ఆమె దగ్గర పనిచేసిన థెరపిస్టులు, నర్సులు మంచి కాళ్లు ఉండి కూడా ఈ పనిలోకి వచ్చారు. దీనిలో సర్జనుకు వచ్చే పేరు రాదు. నెలంతా శ్రమపడితే రోగి బొత్తాం పెట్టుకోవడం నేర్చుకుంటాడు, అంతే. ఎందుకు వస్తారు? పక్షవాయువు గలవాణ్ణి మోసిన ఆ నలుగురి పేర్లు కూడా మార్కు రాయలేదు. కప్పు విప్పడం కష్టమే, ఇంటివారు కోప్పడి ఉంటారు కూడా. మోయవలసిన మనిషి కళ్లెదుట ఉన్నాడు, వాళ్లు మోశారు. నాకు తెలిసిన ఫిజియోథెరపిస్టులను అడిగితే ఇంతకంటే పెద్ద కారణమేమీ వినలేదు.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. పరిచర్య తొలి రోజుల్లో తాటిచెట్టు మీదనుండి పడిన ఒక సహోదరుని ఇంటికి ప్రతి వారం వెళ్లేవాణ్ణి. లేచి నడవాలని పట్టుదలతో ప్రార్థించాను. కొన్ని నెలలకు నా విశ్వాసం తగ్గిందో, సిగ్గు పెరిగిందో, వెళ్లడం తగ్గించాను. అతని వీపు మీద పుండు ఉందని నాకు తెలుసు. దాని గురించి ఏమి చేయాలో ఎవరినైనా అడగాలన్న ఆలోచన రాలేదు. రెండో ఏడు అతని సమాధి కార్యక్రమం నేనే జరిపించాను. మెఫీబోషెతు రెండు కాళ్లు కుంటివైనా రాజు బల్ల యొద్ద భోజనం చేశాడని ఆ రోజు చదివాను. అతనికి మేము ఏ బల్ల వేశామో చెప్పలేకపోయాను.

మేరీ వర్గీస్ 1976 వరకు ఆ విభాగాన్ని నడిపించారు. 1972లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. 1986 డిసెంబరులో ఆమె ప్రభువునందు నిద్రించారు. ప్రమాదం తరువాతి ముప్పై రెండేళ్లలో ఆమె నడవలేదు. ఆ సంస్థకు ఇప్పుడు ఆమె పేరే ఉంది. బాగాయంలో ఏటా జరిగే పునరావాస మేళాకు, అక్కడ శిక్షణ పొంది ఇళ్లకు వెళ్లినవారు దూరప్రాంతాలనుండి తిరిగి వస్తారు. ఒకరినొకరు పలకరించుకుంటారు, ఆటలాడతారు. వారిని పరీక్షిస్తారు, పుండ్లు ఏమైనా పడ్డాయేమో చూస్తారు, విరిగిన కుర్చీ చక్రాలు బాగు చేయించి పంపుతారు.