అచ్చుయంత్రము కొరకు అసువులు బాసిన లవ్‌జాయ్

అమెరికా రాజ్యాంగమునకు 1791లో చేరిన మొదటి సవరణ, పత్రికాస్వాతంత్ర్యమును హరించు శాసనములను కాంగ్రెసు చేయరాదని నిర్దేశించినది. అయితే ఆ స్వాతంత్ర్యమును హరించునది శాసనసభ గాక వీధిలోని మూక యైనచో దిక్కెవరు? ఈ ప్రశ్నను తన ప్రాణముతో లోకము ముందుంచినవాడు ఎలైజా పారిష్ లవ్‌జాయ్.

అతడు 1802 నవంబరు 9వ తేదీన, నేటి మెయిన్ రాష్ట్రములోని ఆల్బియన్‌లో ఒక మతాచార్యుని యింట జన్మించెను. 1826లో వాటర్‌విల్ కళాశాల విద్య ముగించి, పిదప సెయింట్ లూయీ నగరము చేరి, ఉపాధ్యాయుడుగను పత్రికా సంపాదకుడుగను జీవించెను. 1832లో అతని మనస్సు మతమువైపు మరలెను. ప్రిన్స్‌టన్‌లో వేదాంతవిద్య నభ్యసించి, ప్రెస్బిటీరియన్ సంఘమున ప్రబోధకుడై, 1833లో సెయింట్ లూయీకి తిరిగివచ్చి ‘అబ్జర్వర్’ అను మతపత్రికను నడపసాగెను.

మిస్సోరి బానిసత్వము చెల్లుచున్న రాష్ట్రము. లవ్‌జాయ్ మొదట అతివాది కాడు; బానిసలను క్రమక్రమముగా విడుదల చేయవలెనని మాత్రమే తలచెను. 1836 ఏప్రిలు నాటి యొక ఘోరము అతని కలమునకు పదును పెట్టినది. ఫ్రాన్సిస్ మెకింటాష్ అను నల్లజాతి స్వతంత్రుడు ఒక అధికారిని చంపెనని, మూక అతనిని చెరసాలనుండి లాగికొనిపోయి, చెట్టునకు గట్టి సజీవముగా దహించెను. న్యాయమూర్తి లూక్ లాలెస్, కొద్దిమంది చేసినచో శిక్షింపవచ్చును గాని అసంఖ్యాక జనసమూహము చేసిన పని చట్టమున కందదని గ్రాండ్ జ్యూరీకి బోధించెను. ఎవరికిని శిక్ష పడలేదు. ఆ బోధను లవ్‌జాయ్ తన పత్రికలో ఖండించెను. మూక అతని కార్యాలయముపై బడెను.

అతడు బానిసత్వము నిషిద్ధమైన ఇల్లినాయి రాష్ట్రమున, ఆల్టన్ పట్టణమునకు తరలెను. అచట దిగినంతనే యంత్రము మిసిసిపీ నదిపాలయ్యెను. 1837 ఆగస్టులో ఒకటి, సెప్టెంబరులో మరియొకటి నాశనమయ్యెను. ఊరు విడిచి పొమ్మని పట్టణప్రముఖులు ఒత్తిడి చేసిరి. నవంబరు ఆరంభమున జరిగిన సభలో అతడు, తాను నేరము చేసియుండినచో చట్టము శిక్షింపవచ్చుననియు, చట్టమును మీరి తనను తరుముటకు ఎవరికిని హక్కు లేదనియు వాదించెను. భార్యాబిడ్డల యిక్కట్లు తలచి కన్నీరు పెట్టెను గాని, వెడలిపోవుట కంగీకరింపలేదు.

నవంబరు 7వ తేదీ రాత్రి, క్రొత్త యంత్రమును దాచిన రాతిగిడ్డంగిని మూక చుట్టుముట్టెను. లోపల మిత్రులు తుపాకులతో కావలి యుండిరి. ఇరుపక్షముల కాల్పులలో మూకలోని యొకడు కూలెను. అంతట నిచ్చెన వేసి కప్పునకు నిప్పు పెట్టబోగా, ఆపుటకై వెలుపలికి వచ్చిన లవ్‌జాయ్‌పై గుండ్లు కురిసెను. యంత్రమును ముక్కలు చేసి నదిలో వైచిరి. తన 35వ జన్మదినమున అతడు సమాధి చేయబడెను. హంతకుల కెవరికిని శిక్ష లేదు.

మతాచార్యుడు ఆయుధరక్షణ నాశ్రయించుట తగునా యని బానిసవిమోచనవాదులలోనే కొందరు శంకించిరి. అయినను అతని మరణము ఉత్తరరాష్ట్రములను కదిలించెను. 1838 జనవరిలో యువకుడైన లింకన్ స్ప్రింగ్‌ఫీల్డున ఉపన్యసించుచు, అచ్చుయంత్రములను నదులలో వైచు మూకల పాలన రాజ్యమునకే చేటని హెచ్చరించెను. సోదరుడు ఓవెన్ 1856లో కాంగ్రెసునకు ఎన్నికై ఆ పోరాటమును కొనసాగించెను. 1865లో 13వ సవరణచే బానిసత్వము రద్దయ్యెను. 1897లో, లవ్‌జాయ్‌ని చంపిన ఆల్టన్ పట్టణమే అతనికి స్మారకస్తంభము నెత్తెను. చేసినవారు వేలమంది యైనంత మాత్రమున నేరము నేరము గాకపోదను సత్యమును ఆ స్తంభము నేటికిని చాటుచున్నది.