గుంటూరు గ్రహణం - జాన్సెన్ జీవితం

మా స్టడీ హాలు గోడకున్న ఆవర్తన పట్టికలో రెండో గడి హీలియం. పరీక్షలకు బట్టీ పట్టేవాళ్ళమే గాని, దాని కథలో గుంటూరు, బందరు ఉన్నాయని మాకు తెలియదు.

జూల్స్ జాన్సెన్ 1824లో పారిస్‌లో జన్మించారు. చిన్ననాటి ప్రమాదం వల్ల జీవితాంతం కుంటుతూనే నడిచారు. అందరు పిల్లల్లా బడికి పోలేదు. ఇల్లు గడవక చిన్న వయసులోనే బ్యాంకులో పనికి కుదిరారు. డిగ్రీ చేతికి వచ్చింది 1852లో, 28 ఏళ్ళ వయసులో. ఒక్క సబ్జెక్టు పోతే సంచి సర్దుకొని ఇంటికి పోదామనుకునేవాళ్ళం మాలో ఎందరో!

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. దాని కోసం జాన్సెన్ గుంటూరు వచ్చి పరికరాలు అమర్చుకున్నారు. అదే ఉదయం మద్రాసు ఖగోళశాల అధికారి పోగ్సన్ మన బందరులో చూశారు. నడుమనున్న మన గూడూరునూ ఆ చీకటి కమ్మే ఉంటుంది.

ప్రతి మూలకానికీ వర్ణపటంలో తనవైన గీతలుంటాయి. సూర్యుని అంచున ఎగసే జ్వాలల్లో ప్రధానంగా హైడ్రోజన్ ఉందని ఆ గీతలే చెప్పాయి. అవి ఎంతో కాంతిగా ఉండడంతో, గ్రహణం లేకున్నా చూడవచ్చని జాన్సెన్‌కు తట్టింది. మర్నాడే చూశారు కూడా. ఒక పసుపు గీతను మాత్రం పలువురు సోడియందే అనుకున్నారు. అది సోడియంది కాదని ఆ అక్టోబరులో ఇంగ్లండులో లాకయర్ గుర్తించారు. కాబట్టి హీలియాన్ని జాన్సెన్ ఒక్కరే కనుగొన్నారని రాయడం న్యాయం కాదని మా అభిప్రాయం. 1869 నాటి మెండలీవ్ పట్టికలో దానికి చోటే లేదు. 1895లో రామ్సే యురేనియం ఖనిజంలో దాన్ని పట్టుకున్నాక జడవాయువుల వరుసలో చేరింది.

మాకు బాగా నచ్చిన ఘట్టం 1870 నాటిది. శత్రుసైన్యం పారిస్‌ను చుట్టుముట్టింది. అల్జీరియాలో మరో గ్రహణం రానుంది. డిసెంబరు 2న జాన్సెన్ పరికరాలతో సహా బెలూన్ ఎక్కి, సైన్యం తలల మీదుగా దాటిపోయారు. అందులో నింపింది బొగ్గు నుంచి తీసిన, ఇట్టే అంటుకునే గ్యాసు. ఇంత సాహసం చేసి చేరితే, ఆ రోజు మబ్బు పట్టింది!

ఆయన ఆగలేదు. నడవలేని మనిషి మంచు నిండిన మోబ్లా పర్వతం మీదికి మనుషుల చేత మోయించుకొని వెళ్ళి, శిఖరాన ఖగోళశాల కట్టించారు. 1907 డిసెంబరు 23న కన్నుమూశారు.

ఎగరడానికి హైడ్రోజన్ ఇంకా తేలిక, కాని మండుతుంది. 1937లో హిండెన్‌బర్గ్ ఎయిర్‌షిప్ అలాగే కాలిపోయి 36 మంది మరణించారు. హీలియం మండదు. దాన్ని నింపిన తొలి ఎయిర్‌షిప్ అమెరికాలో 1921లోనే ఎగిరింది, జాన్సెన్ పోయిన 14 ఏళ్ళకు.