కొత్త పాట నేర్చిన పాత అమీగాకు అభినందనలు

2025 జూలైలో రెండు పుట్టినరోజులు తొమ్మిది రోజుల తేడాతో వచ్చాయి. ఎంపీ3 అన్న పేరు ఖాయమై 14వ తేదీకి 30 ఏళ్లు. అమీగా కంప్యూటర్ న్యూయార్క్‌లో జనం ముందుకొచ్చి 23కి 40 ఏళ్లు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ కంప్యూటర్ దుకాణాల చుట్టూ తిరిగి కంప్యూటర్ నేర్చుకున్న మా తరానికి ఎంపీ3ని పరిచయం చేయనక్కర్లేదు. ఒక్క 700 ఎంబీ సీడీలో ఘంటసాల పాటలు నూటయాభై దాకా పట్టడం అప్పట్లో మాకో పండగ. నేను దండ వేయదలచుకున్నది మాత్రం ఈ ఇద్దరినీ కలిపిన మూడోదానికి: అమీగాకు ఎంపీ3 చదవడం నేర్పిన డేటాటైప్ అనే చిన్న ప్లగిన్‌కు.

డేటాటైప్‌ల ఏర్పాటు 1992లో అమీగా ఓఎస్ 3.0తో వచ్చింది. ఫైలు మొదటి బైట్లు చూసి అదేమిటో పోల్చుకునే చిన్న గుర్తింపు ఫైలు ఒకటి, దాన్ని విప్పి చెప్పే క్లాస్ ఇంకొకటి. ఈ రెండూ వాటి వాటి డ్రాయర్లలో (ఫోల్డర్లలో) వేస్తే చాలు. ఫైళ్లను తెరిచి చూపే మల్టీవ్యూతో మొదలుపెట్టి, డేటాటైప్‌లను వాడే ప్రతి ప్రోగ్రామూ ఆ ఫార్మాట్‌ను అందుకుంటుంది. ఎంపీ3 పేరైనా పుట్టకముందు రాసిన ప్రోగ్రామ్ కూడా! అంత ముందుచూపుతో తలుపు తెరిచి ఉంచిన ఇంజనీర్లకు మొదటి నమస్కారం.

ధ్వనిని కుదించడం అమీగాకు కొత్తేమీ కాదు. దాని సొంత ఫార్మాట్ 8ఎస్‌వీఎక్స్‌లో ఫిబొనాచి డెల్టా అనే పద్ధతి ఉంది. ఒక శాంపిల్‌కూ తర్వాతి శాంపిల్‌కూ మధ్య తేడాను 1, 2, 3, 5, 8, 13, 21 లాంటి పదహారు విలువల్లో దగ్గరిదానికి సర్దుతారు. ఎనిమిది బిట్ల పని నాలుగింటితో తెమిలి, ఫైలు సగమవుతుంది. ఛందస్సు చదివినవాళ్లకు ఈ అంకెలు పాత చుట్టాలే. గురులఘువులతో నాలుగు మాత్రలను 5 విధాల, ఐదింటిని 8 విధాల, ఆరింటిని 13 విధాల పేర్చవచ్చు. ఫిబొనాచి కంటే ముందే విరహాంకుడు, హేమచంద్రుడు ఈ లెక్క చెప్పారు. పద్యం నడకను కొలిచిన సంఖ్యలే ఒక ఇంటి కంప్యూటర్‌లో శబ్దాన్ని పొదుపు చేశాయంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఎంపీ3 అంత తేలిగ్గా లొంగలేదు. అది ధ్వనిని 32 ఫ్రీక్వెన్సీ పట్టీలుగా విడదీసి, చెవికి అందనిదాన్ని వదిలేస్తుంది. తిరిగి అల్లాలంటే లెక్కలు విపరీతం. 1992 నాటి అమీగా 1200 ప్రాసెసర్ వేగం 14 మెగాహెర్ట్జ్ మాత్రమే. స్తెఫాన్ తవెనార్ రాసిన ఎంపెగా లైబ్రరీ ఇక్కడ ఆదుకుంది. యంత్రం శక్తిని బట్టి పై పట్టీలను విడిచిపెట్టి, సగం లేదా పావు ఫ్రీక్వెన్సీలోనే విప్పే వీలు అందులో ఉంది. ఘంటసాల పాత రికార్డుల్లో ఆ పై పట్టీల్లో ఉన్నదీ తక్కువే. సగంలో విన్నా గొంతులో గాంభీర్యం ఎక్కడికీ పోదు. అమీగాలో ధ్వనిని పలికించే పౌలా చిప్‌వి ఎనిమిది బిట్ల చానళ్లయినా, రెండింటిని జత చేసి ఒకదాని వాల్యూమ్ 64లో, మరొకదానిది 1లో పెట్టి 14 బిట్ల ధ్వని రాబట్టారు. ఎంత చక్కని ఆలోచన!

డేటాటైప్‌కు ఒక హద్దు ఉంది: పాటంతా ముందే విప్పి మెమరీలో పరుస్తుంది. నాలుగు నిమిషాల పాట సగం ఫ్రీక్వెన్సీలో, మోనోలో, ఎనిమిది బిట్లలోనే 5 ఎంబీ దాటుతుంది. అమీగా 1200తో వచ్చే మెమరీ 2 ఎంబీ. అందుకే పూర్తి పాటలకు విడిగా ప్లేయర్లు, చిన్న తునకలకు డేటాటైప్. చిన్న పనే కావచ్చు, కానీ కంప్యూటర్ మొత్తానికీ ఒకేసారి చదువు చెప్పిన పని.

తయారుచేసిన కమొడోర్ 1994లోనే మూతపడినా, 2021లో అమీగా ఓఎస్ 3.2 వచ్చింది. లాభం చూసుకోకుండా ఇన్నేళ్లుగా ఆ యంత్రం కోసం కోడ్ రాస్తున్న ప్రతి ఒక్కరికీ సికింద్రాబాద్ నుంచి మనసారా అభినందనలు, పుట్టినరోజు శుభాకాంక్షలు.