హైదరాలీ - పులిచారల గోడ

మేము మా విద్యార్థులను వెంటబెట్టుకొని శ్రీరంగపట్టణమునకు విహారయాత్ర పోయి వచ్చిన నెల దినములకు, వారిలో ఒకడు తన యింటి పడకగది గోడపై రంగులతో ఒక చిత్రము వేయ నారంభించెను. అది మనిషి బొమ్మ కాదు, పువ్వు కాదు, తీగ కాదు. నడుమ వెడల్పై, రెండు కొసలయందు సన్నగిలి, కొంచెము వంపు తిరిగిన చార యొకటి. దాని ప్రక్కన అటువంటిదే మరియొకటి. క్రింది వరుసలో ఆ రెండింటి నడిమి ఖాళీకి సరిగా ఎదురుగా మూడవది. గోడ యంతయు ఇట్లే నిండవలెనని వాని సంకల్పము. గుంబజు లోపలి గోడలపై తాను చూచిన పులిచారలివి. అయితే ఆ పిల్లవాని దాదీ ఇందులకు సమ్మతింపలేదు. సమాధిలోని గీతలు నిదురించు గదిలో నేమిటని ఆమె అభ్యంతరము. వాడు ఈ తగవు తీర్పుమని మా యొద్దకు వచ్చెను. తగవులు తీర్చుట మా చేత గాదు. ఆ చారల నడుమ ఎవరు నిదురించుచున్నారో ఆ కథ చెప్పుట మాత్రము మా చేతనగును. ఆ కథ మన చిత్తూరు ప్రక్కనే ముగిసినది గనుక చెప్పుట మా ధర్మమనియు తలంచితిమి.

ముందుగా గోడను గూర్చి రెండు మాటలు. ఇట్టి లెక్కగల చిత్రమునకు చేతి నేర్పు కన్న కొలత ముఖ్యము. త్రాటికి ఎఱ్ఱమట్టి పూసి, ఇరువురు చెరియొక కొస బిగబట్టి, నడుమ లాగి విడిచినచో గోడపై తిన్నని గీత పడును. అట్లు నిలువు గీతలు, అడ్డగీతలు వేసి గోడను సమానమైన గళ్ళుగా పంచుకొనవలెను. మేకు కొట్టి, దారము కట్టి, దాని కొసను బొగ్గు పట్టి త్రిప్పిన వలయము వచ్చును. ఆ దారపు పొడవుతోనే వలయముపై కొలుచుకొనుచు పోయిన సరిగా ఆరు గుర్తులు పడును. ఒకటి విడిచి ఒకటి కలిపిన ఆరు కోణముల నక్షత్రము తేలును. మన యింటి ముంగిట చుక్కలు పెట్టి ముగ్గు వేయు తల్లులకు ఈ లెక్క ఎవరును నేర్పనక్కరలేదు. పులిచారకైతే అట్టముక్క నొకదానిని కత్తిరించి, గడి గడికి దానినుంచి అంచు గీచిన చాలును. కాని మొదటి గడిలో వెండ్రుకవాసి తప్పిన, వరుస చివరకు అది జానెడగును. మా విద్యార్థి మొదట నేలనుండి కొలిచెను. నేల వాలుగా నున్నందున చారలన్నియు ఒక ప్రక్కకు ఒరిగినవి. దారమునకు బరువు కట్టి వ్రేలాడదీసి నిలువు చూచుకొన్న పిమ్మటనే గోడ దారికి వచ్చినది.

ఇక హైదరాలీ. సుమారు 1720లో కోలారు ప్రాంతపు బూదికోటలో అతడు జన్మించెను. తండ్రి ఫతే మహమ్మదు సేనాని; కుమారుడు పసివాడై యుండగనే యుద్ధములో మరణించెను. చదువు చెప్పించువారు లేరైరి. అతడు జీవితాంతము నిరక్షరాస్యుడుగనే యుండెను. తన పేరులోని మొదటి అక్షరమును మాత్రము వ్రాయ నేర్చెననియు, దానిని సైతము తలక్రిందుగా వ్రాసెడివాడనియు చరిత్రకారులు చెప్పుదురు. అయినను హిందుస్తానీ, కన్నడము, మరాఠీ, తెలుగు, తమిళము అను ఐదు భాషలను ధారాళముగ మాటలాడెడివాడు. వచ్చిన లేఖలను చదివించుకొని వినుట, విన్నదానిని మరువకుండుట, వెంటనే ఉత్తరువు చెప్పుట - ఇదియే అతని కచేరీ పద్ధతి. కాగితమును నమ్మలేనివాడు తన జ్ఞాపకమునే దఫ్తరముగ మార్చుకొనెను. పరీక్షలకు ముందురోజు రాత్రి మాత్రమే జ్ఞాపకశక్తిని తట్టి లేపు మన విద్యార్థులకు ఇది చెప్పదగిన మాటయే.

1749లో దేవనహళ్ళి ముట్టడియందు అతని సాహసము మైసూరు దళవాయి నంజరాజు కంటబడెను. 1755లో దిండిగల్లుకు ఫౌజుదారయ్యెను. 1761 నాటికి మైసూరు రాజ్యాధికారమంతయు అతని హస్తగతమయ్యెను. అయినను ఒడయరు వంశమును సింహాసనమునుండి తొలగింపలేదు. రాజు రాజుగనే యుండెను, రాజ్యము హైదరాలీ నడపెను. 1763లో బిదనూరు నాక్రమించుటతో అతని బొక్కసము నిండెను. ఈస్టిండియా కంపెనీతో జరిగిన మొదటి యుద్ధములో, 1769లో, చెన్నపట్టణము వాకిటి దాక గుఱ్ఱపుదళముతో దూసుకొనిపోయి, సంధి షరతులు తానే చెప్పెను. ఆపదలో ఒకరి కొకరు తోడ్పడవలెనన్నది ఆ సంధిలోని ముఖ్యాంశము. తరువాత మరాఠాలు మైసూరుపై పడినపుడు కంపెనీ కదలలేదు. ఈ మాట తప్పుటను హైదరాలీ ఎన్నడును మరువలేదు. వ్రాత రానివానికి నోటిమాటయే పత్రము గదా!

మన సీమకు అతడు కొత్తవాడు కాడు. అతని భార్య ఫక్రున్నిసా తండ్రి కడప కోటకు అధిపతిగా నుండినవాడు. బావమరిది మీర్ రజా అలీఖాన్ గుఱ్ఱంకొండ దుర్గమును పాలించెను. ఆయన మక్బరా నేటికిని గుఱ్ఱంకొండలో కలదు. 1779లో కడప నవాబు రాజ్యము హైదరాలీ వశమయ్యెను. 1782లో ఆర్కాటు నవాబు సోదరుడు అబ్దుల్ వహాబ్ ఖాన్ చంద్రగిరి కోటను అతనికి అప్పగించెను. తిరుపతి కొండకు దిగువనున్న ఆ కోటపై 1792 వరకు మైసూరు అధికారమే సాగెను.

1780 జూలైలో అతడు కనుమలు దిగి కర్ణాటక మైదానముపై పడెను. ఇచ్చట మేము ఒక మాట దాచక చెప్పవలెను. మదరాసు, వేలూరు పరిసరములలోని గ్రామములు తగులబడెను. శత్రువుకు గింజ దక్కరాదని పంటలు నాశనము చేయబడెను. ఆ వెనుక వచ్చిన కరవులో చచ్చినవారు కంపెనీ దొరలు కారు, రైతులును కూలివాండ్రును. హైదరాలీని మనవాడని చెప్పుకొని మురియువారు ఈ పుటను త్రిప్పివేయుదురు; అతనిని కేవలము క్రూరుడని తిట్టువారు ఈ పుటను మాత్రమే చదువుదురు. రెండును చరిత్ర చదువు పద్ధతులు కావు. అదే సంవత్సరము సెప్టెంబరు 10వ తేదీన కాంచీపురమునకు చేరువనున్న పొల్లిలూరు వద్ద కర్నలు బెయిలీ దండును హైదరాలీ, అతని కుమారుడు టిప్పు కలిసి తుడిచిపెట్టిరి. బెయిలీ బందీగా చిక్కెను. హిందూదేశమున కంపెనీ అంతకుముందు అట్టి పరాభవము నెరుగదు. మరుసటి సంవత్సరము పోర్టోనోవో వద్దను, షోలింగూరు వద్దను కూటు సేనాని చేతిలో హైదరాలీయే ఓడెను. అయినను యుద్ధము ఆగలేదు.

ఈ మనుష్యుడు ఏ గదిలో నిదురించెనని మా విద్యార్థి అడిగెను. మంచి ప్రశ్న. బెంగళూరు కోటలో కొయ్యస్తంభముల సుందర భవనమును 1781లో మొదలిడెను గాని అది పూర్తియైనది టిప్పు కాలమున, 1791లో. హైదరాలీ జీవితములో అధిక భాగము దండు విడిదిలోనే గడచెను. అతని పడకగదికి గోడలు గుడ్డతో కుట్టినవి. గాలి వీచిన కదలెడివి; తెల్లవారి మడిచి ఎద్దుల బండిపై కెత్తెడివారు.

అట్టి గుడ్డ గోడల నడుమనే, చిత్తూరుకు చేరువనున్న నరసింగరాయనిపేట విడిదిలో, వీపున లేచిన రాచపుండుతో 1782 డిసెంబరు 7వ తేదీన అతడు కన్నుమూసెను. టిప్పు ఆ సమయమున మలబారు తీరమున కంపెనీ సేన నెదుర్కొనుచుండెను. మరణవార్త పొక్కినచో సేన చీలిపోవును; శత్రువు మీదబడును. పూర్ణయ్య, కృష్ణారావు మొదలైన మంత్రులు ఆ వార్తను గుట్టుగ నుంచిరి. దేహమును పెట్టెలో నుంచి, ధనపు పెట్టె యని పేరు పెట్టి, కావలి బలముతో కోలారునకు పంపిరి. విడిదిలో మాత్రము ప్రభువు జబ్బుగా నున్నాడన్నట్లే దినచర్య సాగెను. ఈ సందున హైదరాలీ రెండవ కుమారుని గద్దె నెక్కింప జూచిన కుట్ర యొకటి తలయెత్తి అణగిపోయెను. టిప్పు పరుగున వచ్చి సేనను చేరుకొనువరకు ఆ గుట్టు నిలిచెను. ముసల్మాను ప్రభువు దేహమును, అతని కుమారుని రాజ్యమును ఇద్దరు బ్రాహ్మణ మంత్రులు కాపాడిరన్న సంగతి మా విద్యార్థులకు చెప్పకుండ మేము ముందుకు పోలేకపోతిమి.

నేడు చిత్తూరునుండి కోలారునకు పోవు బస్సు మొగిలి కనుమ నెక్కి, పలమనేరు, ముళబాగిలు దాటి పోవును. మా యాత్రలో మేమును ఆ దారినే పోయితిమి. కోలారులో తండ్రి ఫతే మహమ్మదు సమాధి కలదు. హైదరాలీ దేహము తొలుత అచ్చట విశ్రమించి, పిమ్మట శ్రీరంగపట్టణము చేరెను. తండ్రి కొరకు టిప్పు అచ్చట గుంబజు కట్టించెను. 1784 నాటికి అది పూర్తియయ్యెను. ఎత్తైన వేదికపై చతురస్రపు కట్టడము, చుట్టును నునుపైన 36 నల్లరాతి స్తంభముల వసారా, మీద గుండ్రని గోపురము. లోపలికి పోయిన గోడల నిండ పులిచారలు. బబ్రీ యను ఈ చార టిప్పు గుర్తు. అతని సైనికుల అంగీలపైనను, ఆయుధములపైనను ఇదియే. సమాధి మందిరమున ప్రాణుల బొమ్మలు వేయుట మన ఆచారము కాదు. అందుచేత పులి లేదు. పులి చార మాత్రమే ఉన్నది. కన్ను లేదు, పంజా లేదు, కోర లేదు. కొలత ప్రకారము మరల మరల వచ్చు ఒక వంపు గీత. అక్షరము రాని తండ్రి కొరకు కుమారుడు అక్షరము కాని గుర్తుతో గోడ నింపెనని మాకు తోచినది. ఇది మా ఊహయే గాని చరిత్ర గాదు.

అదే ఊరిలో టిప్పు 1784లో కట్టించిన దరియా దౌలత్ అను తోటమేడలో గోడల కథ వేరు. అది నివాసము; అచ్చట బొమ్మలకు అడ్డు లేదు. పడమటి గోడపై పొల్లిలూరు యుద్ధము: తండ్రి కొడుకులు సేనలను నడుపుచుందురు, బెయిలీ పల్లకిలో కూరుచుండి యుండును, మందుగుండు బండి పేలుచుండును. 1799 ముట్టడికి ముందు ఆ చిత్రముపై సున్నము కొట్టిరి. కోట పడిన తరువాత ఆ మేడలో కాపురమున్న కర్నలు వెల్లెస్లీ దానిని మరల వేయించెను. కొంతకాలమునకు మరల చెడిపోగా 1855లో డల్హౌసీ ప్రభువు తిరిగి వ్రాయించెను. ఓడినవారు మరుగుపరచిన చిత్రమును, గెలిచినవారు తమ ఓటమి చిత్రమని తెలిసియు బాగుచేయించిరి. ఇందలి తత్త్వము మాకు నేటికిని పూర్తిగా బోధపడలేదు.

1799 మే 4వ తేదీన టిప్పు కోట వాకిట పోరాడి మరణించెను. మరునాడు అతనిని తల్లిదండ్రుల ప్రక్కన ఆ చారల గదిలోనే ఖననము చేసిరి. దంతపు చెక్కడపు పనిగల నేటి తలుపులు తరువాత డల్హౌసీ ఇచ్చిన కానుక.

ఈ కథ యంతయు దాదీ మంచముపై కూరుచుండి వినెను. నరసింగరాయనిపేట పేరు వినగనే, అది తమ పుట్టింటి దారిలోని ఊరేనని తల ఎత్తి చూచెను. చివరకు తలాపు వైపు గోడ వలదనియు, కిటికీ వైపు గోడకు వేసికొమ్మనియు చెప్పెను. మేము మొన్న చూచి వచ్చునప్పటికి ఐదు వరుసలు పూర్తియైనవి. ఆరవ వరుసకు పసుపు రంగు చాలలేదు.