బాప్తిస్మాలు ఆపిన సేవకుడు

నర్సీపట్నం చుట్టుపక్కల సంఘాల్లో నేడు ప్రతి ప్రార్థనలోనూ వినబడే మాట ఉజ్జీవం. సభలకు పందిళ్ళు వేస్తున్నాం, ఫ్లెక్సీలు కడుతున్నాం. సభ ముగిశాక ఎంతమంది వచ్చారో లెక్కపెట్టుకుంటున్నాం. ఆ తర్వాత మన ఇళ్ళలో ఏం మారిందో మాత్రం అడగడం లేదు. అందుకే ఈ వారం జాన్ ఎవరెట్ క్లౌ దొరగారి జీవితాన్ని తలచుకుందాం. ఆయన పనిచేసింది ఒంగోలులోనే అయినా మనకు పరాయివారు కారు. ఒంగోలులో సేవ చేసిన మెక్లారిన్ దొరగారే 1874లో కాకినాడకు వచ్చి, తోమాసు గాబ్రియేలు గారు ప్రారంభించిన పరిచర్యను అందుకున్నారు. మన ప్రాంతపు బాప్తిస్టు సంఘాలు ఆ పరిచర్య ఫలమే.

క్లౌ గారు 1836లో అమెరికాలో పుట్టారు. యౌవనంలో భూములు కొలిచే సర్వేయరుగా పనిచేశారు. 1865లో మన తెలుగు దేశానికి వచ్చారు. అప్పటికి నెల్లూరులోని మిషను ఎన్నో ఏళ్ళు శ్రమించినా చెప్పుకోదగ్గ ఫలితం లేక, మూసివేద్దామనే మాట కూడా వచ్చింది. అయినా 1854 జనవరి 1న తెల్లవారుజామున జూయెట్ దొరగారు, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండ ఎక్కి, ఆ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని మోకరించారు. పన్నెండేళ్ళ తర్వాత, 1866లో, క్లౌ గారు ఆ కొండ కింద కాపురం పెట్టారు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో ఒంగోలు సంఘం ఏర్పడింది.

మొదట ఆయన వద్దకు పెద్ద కులాల వారు ఆసక్తితో వచ్చారు, తమ పిల్లల్ని బడికి పంపారు. అదే సమయంలో తోళ్ళ వ్యాపారం చేసే ఎర్రగుంట్ల పేరయ్య సాక్ష్యం వల్ల మాదిగపల్లెల్లో జనం ప్రభువు వైపు తిరుగుతున్నారు. వారిని చేర్చుకుంటే మేము రామని పెద్దలు స్పష్టం చేశారు. క్లౌ దంపతులు వేర్వేరు గదుల్లో ప్రార్థించగా ఇద్దరికీ మొదటి కొరింథీ పత్రిక మొదటి అధ్యాయంలో ఒకే భాగం దొరికిందట. వారు మాదిగ సోదరులను చేర్చుకున్నారు, బడి ఖాళీ అయింది. ఉజ్జీవానికి వారు చెల్లించిన మొదటి వెల అదే.

తర్వాత ధాత, ఈశ్వర సంవత్సరాల కరువు వచ్చిపడింది. జనం ఆకలితో రాలిపోతుంటే క్లౌ గారు బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్ళకు పైగా తవ్వకం గుత్తకు తీసుకుని వేలమందికి కూలి కల్పించారు. పనివారిపై మేస్త్రీలుగా ఉన్న బోధకులు విరామ వేళల్లో సువార్త చెప్పేవారు. వేలమంది బాప్తిస్మం అడిగారు. ఆయన ఇవ్వలేదు. అన్నం కోసం వస్తున్నారో క్రీస్తు కోసం వస్తున్నారో తేలాలని ఏడాదికి పైగా ఆపారు. అమెరికాకు పెద్ద అంకెలు రాసి పంపుకునే అవకాశం చేతిలో ఉండగానే ఆయన ఆగారు.

సహాయనిధి ముగిసిందని, ఇక ఇచ్చేదేమీ లేదని తెలిపాక కూడా జనం వెనక్కి పోలేదు. అప్పుడు 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇచ్చినవారు క్లౌ గారు కాదు, ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరేసి చొప్పున వంతులవారీగా. క్లౌ గారు 1910లో అమెరికాలో ప్రభువు సన్నిధికి చేరారు.

ఆ 2,222 అనే అంకెను మనం ఇప్పటికీ ప్రసంగాల్లో చెప్పుకుంటాం. దాని వెనుక ఉన్న ఆగడాన్ని చెప్పుకోం. స్వస్థత, వీసా, ఉద్యోగం ఆశ చూపి పిలిస్తే జనం వస్తారు, ఆశ తీరకపోతే మరో పందిరి వెతుక్కుంటారు. పేరయ్య కోసం బడిని పోగొట్టుకున్న సంఘం వారసులం మనం. అయినా కులాన్ని బట్టి వేరుగా కూర్చునే సంఘాలు, కులం చూసి పెళ్ళిళ్ళు కుదిర్చే విశ్వాసులు మన మధ్య ఉన్నారు. ఇవి అలాగే ఉండగా ఉజ్జీవం రమ్మంటే ఎలా వస్తుంది?

కాబట్టి ఈ ఏడాది మరో సభ పెట్టే ముందు ఒక్కో సంఘంలో ఐదుగురు తెల్లవారుజామున మోకరించాలని మేము కోరుతున్నాం. ఆ కొండ మీద ఉన్నది కూడా ఐదుగురే. ప్రభువు మనకు జనసమూహం కంటే ముందు మారుమనస్సు దయచేయును గాక. ఆమేన్.