నిలువ నీడలేని కాపరి – మెన్నో సైమన్స్

(చదువవలసిన వాక్యభాగము: 1 కొరింథీయులకు 3:10–15)

మెన్నొనైటు అను పేరు నల్లగొండ, పాలమూరు ప్రాంతపు పల్లెలలో చాలమంది విశ్వాసులకు తెలిసినదే. అది ఒక మనుష్యుని పేరునుండి వచ్చినదని ఎరిగినవారు మాత్రము తక్కువ. అబ్రాహాము ఫ్రీసెన్ దంపతులు రష్యా దేశమునుండి 1889లో బయలుదేరి వచ్చి, 1890లో నల్లగొండలో సువార్తపని ప్రారంభించినప్పుడు ఆ పేరు వారితోకూడ తెలుగు దేశమునకు వచ్చినది. వారి పితరులు ప్రష్యానుండి రష్యాకు, అంతకుముందు హాలెండు తీరమునుండి ప్రష్యాకు వలసపోయినవారు. ఈ దినములలో అమెరికా, కెనడా దేశములలోని మెన్నొనైటు కుటుంబములు కొన్ని ఆ దారినే వెనుకకు నడచి, తాతలు మనుమలు కలిసి తమ పెద్దల ఊళ్లను చూచివచ్చుచున్నారు.

ఆ ప్రయాణము తరచుగా స్విట్జర్లాండులోని జూరిక్ పట్టణములో మొదలగును. 1525 జనవరి 21న కొందరు యౌవనస్థులు అక్కడ ఒక ఇంటిలో కూడి, విశ్వసించిన పెద్దవారికే బాప్తిస్మమని నమ్మి ఒకరికొకరు బాప్తిస్మమిచ్చుకొనిరి. శత్రువులు వారిని అనబాప్తిస్టులు, అనగా మరల బాప్తిస్మమిచ్చువారు, అని పిలిచిరి. వారిలో ఒకడైన ఫీలిక్స్ మాన్జ్‌ను 1527 జనవరి 5న చేతులు కట్టి లిమ్మత్ నదిలో ముంచి చంపిరి. ఆ నది గట్టున 2004లో ఒక శిలాఫలకమును పెట్టిరి. కాని మెన్నోను తెలిసికొనవలెనన్న అక్కడనుండి ఉత్తరమునకు, సముద్రతీరమునకు పోవలెను.

హాలెండు దేశపు ఉత్తర భాగమున ఫ్రీస్‌లాండ్ అను సీమ గలదు. పాడి పశువులకు పేరుపొందిన పల్లపు నేల. అందులో విట్‌మార్సుమ్, పింగ్యుమ్ అను రెండు పల్లెలు ఒకదానినుండి ఒకదానికి నడచిపోదగినంత దూరములో ఉన్నవి. మెన్నో 1496లో విట్‌మార్సుమ్‌లో పుట్టెను. 1524లో రోమను కతోలిక గురువుగా అభిషేకము పొంది, తన తండ్రి ఊరైన పింగ్యుమ్‌లో ఉపగురువుగా కుదిరెను. జీతమునకు లోటులేదు, పని తేలిక. తోటి గురువులిద్దరితో పేకాట, త్రాగుడు, పనికిమాలిన మాటలతో దినములు గడచుచుండెను. బైబిలును ముట్టి యెరుగడు. చదివినయెడల తప్పుదారి పట్టుదునేమోయని భయపడితినని తరువాత ఆయనే వ్రాసెను.

ఒక సంవత్సరము కాగానే చిక్కు వచ్చిపడినది. బలిపూజలో రొట్టెయు ద్రాక్షారసమును చేత పట్టినప్పుడెల్ల, ఇవి నిజముగా ప్రభువు శరీరమును రక్తమునేనా అను సందేహము లోపల లేచుచుండెను. సాతాను శోధన అనుకొని మొరపెట్టుకొనెను, ఒప్పుకోలు చేసెను. సందేహము వదలలేదు. కడకు క్రొత్త నిబంధన తెరచి చదువసాగెను. ఎంతో దూరము చదువకముందే, తమకు నేర్పినది వేరు, వ్రాయబడినది వేరు అని గ్రహించెను.

1531 మార్చి 20న ఆ సీమకు ముఖ్యపట్టణమైన లేవార్డెన్‌లో సిక్కె ఫ్రేర్క్స్ అను కుట్టుపనివానిని తల నరికి చంపిరి. అతడు దొంగ కాడు, హంతకుడు కాడు. పెద్దవాడై విశ్వసించి రెండవమారు బాప్తిస్మము పొందెను. అంతే. రెండవ బాప్తిస్మమను మాట మెన్నో చెవికి వింతగా తోచెను. లేఖనములన్ని వెదకెను. శిశు బాప్తిస్మము ఎక్కడను కనబడలేదు. తన పై గురువును అడిగెను. లూథరు, బుట్సర్, బుల్లింగర్ అను సంస్కర్తల గ్రంథములు తిరుగవేసెను. ఒక్కొక్కరు ఒక్కొక్క కారణము చెప్పిరిగాని ఒకరి కారణము మరియొకరి దానితో పొసగలేదు.

ఇంత తెలిసిన తరువాత ఆయన ఏమి చేసెను? తన సొంత ఊరైన విట్‌మార్సుమ్‌కు పెద్ద గురువుగా బదిలీ కాగా సంతోషముతో వెళ్లెను. అక్కడ వాక్యమును చక్కగా బోధించుచున్నాడని మంచి పేరు వచ్చినది. పూజ మానలేదు, శిశువులకు బాప్తిస్మమిచ్చుట మానలేదు. భక్తుల చరిత్రలు వ్రాయువారు ఇట్టి సంవత్సరములను త్వరగా దాటిపోవుదురు. మెన్నో దాటిపోలేదు. లాభమునకును పేరునకును ఆశపడి ఆ ఊరికి పోతినని, సత్యమెరిగియు సుఖము విడువలేక ఉంటినని 1554లో అచ్చువేయించిన పుస్తకములో శత్రువులు సహా చదువునట్లు వ్రాసి పెట్టెను.

ఆ దినములలోనే జర్మనీలోని మున్‌స్టర్ పట్టణమును అనబాప్తిస్టులలో ఒక తెగవారు పట్టుకొని, ఇదే క్రొత్త యెరూషలేమనిరి. లేడెన్ యోహాను అనువాడు రాజునని చెప్పుకొని, ఖడ్గము పట్టి, అనేకమంది భార్యలను కట్టుకొనెను. 1535లో ఆ పట్టణము రక్తములో కూలినది. ఆ బోధ ఫ్రీస్‌లాండ్‌కును పాకెను. మెన్నో వారి బోధకులలో కొందరితో వాదించి చూచెను. జనులు వినలేదు. 1535 మార్చి కడపటి దినములలో దాదాపు 300 మంది, స్త్రీలు పిల్లలతో సహా, బోల్స్‌వార్డ్ దగ్గర ఓల్డెక్లోస్టర్ అను మఠమును ఆక్రమించిరి. వారము దినములు గడచినవో లేదో, ప్రభుత్వ సైన్యము ఫిరంగులతో గోడలు పడగొట్టి లోపలికి చొచ్చెను. పోరులో కొందరు చచ్చిరి, పట్టుబడినవారిలో అనేకులను చంపిరి. ఆ మఠము మెన్నో ఊరికి ఎంతో దూరము కాదు.

వారు త్రోవ తప్పినవారని ఆయనకు తెలియును. అయితే వారి రక్తము ఆయన గుండెలమీద నిప్పువలె పడినది. కాపరిలేని ఈ జనులు తప్పుడు నమ్మకముకొరకైనను ప్రాణములిచ్చిరి, నేనో సత్యమెరిగియుండి కడుపునిండ తిని కూర్చుంటిని అని ఏడ్చెను. ఆ తరువాత తొమ్మిది నెలలు విట్‌మార్సుమ్ గుడిలోనే, దాచకుండ, తాను నమ్మినది బోధించెను. 1536 జనవరిలో జీతము, ఇల్లు, పేరు అన్నియు విడిచి బయలుదేరిపోయెను. ఆయనకు 40 ఏండ్ల వయస్సు.

ఏడాదివరకు మరుగున ఉండి చదువుకొనుచు వ్రాసికొనుచుండగా, ఏడెనిమిదిమంది వచ్చి, చెదరిన గొఱ్ఱెలకు కాపరిగా ఉండుమని బ్రతిమాలిరి. వెంటనే ఒప్పుకొనలేదు. తన చదువు చాలదని, స్వభావము పిరికిదని వెనుదీసెను. కడకు ఒప్పుకొనగా ఓబె ఫిలిప్స్ అను పెద్ద చేతులుంచి ఆయనను నియమించెను. ఆ చేతులుంచినవాడు కొన్ని సంవత్సరములకు సంఘమును విడిచిపోయెను. పిరికివాడననుకొన్నవాడు నిలిచెను.

గేర్ట్రూడ్ అను స్త్రీ ఆయనను పెండ్లాడినది. ఆమెనుగూర్చి మనకు తెలిసినది చాల కొద్ది. ఊరినుండి ఊరికి, రాత్రివేళ, బిడ్డలను చంకన పెట్టుకొని ఆయన వెంట నడచెను. తన బీద భార్యయు పసిబిడ్డలును ఒక సంవత్సరమైనను, అరసంవత్సరమైనను తలదాచుకొనుటకు ఏ దేశములోను ఒక గుడిసె దొరకలేదని మెన్నో 1544లో వ్రాసెను.

ఎందుకు దొరకలేదో చెప్పవలెను. ట్యార్డ్ రెనిక్స్ అను ఒక భక్తుడు జాలిపడి మెన్నోకు తన ఇంట రహస్యముగా చోటిచ్చెను. ఆ నేరమునకే 1539లో లేవార్డెన్‌లో అతనిని చక్రముమీద చంపిరి. యాన్ క్లాసోన్ అనువాడు మెన్నో పుస్తకములు 600 ప్రతులు అచ్చువేయించి పంచినందుకు 1544లో ఆమ్స్టర్డామ్‌లో తల పోగొట్టుకొనెను. 1542 డిసెంబరు 7న ఐదవ చార్లెసు చక్రవర్తి పేరట ఆజ్ఞ వెలువడెను: మెన్నోను పట్టియిచ్చినవానికి 100 బంగారు గిల్డర్ల బహుమానము, అతనికి అన్నము పెట్టినను, చోటిచ్చినను, అతని పుస్తకము చదివినను శిక్ష. ఆయనను పట్టియిచ్చినవాడు నేరస్థుడైనను క్షమింపబడునట. ఇంతటి ఆశ చూపినను ఆయనను పట్టియిచ్చినవాడు లేడు. తలుపు తీసినవారు మాత్రము ఊరూర ఉండిరి. వారి పేర్లు చాలవరకు ఎక్కడను వ్రాయబడలేదు.

మెన్నొనైటు కుటుంబములలో ఒక కథ చెప్పుకొందురు. మెన్నో ఒకసారి గుఱ్ఱపు బండిమీద తోలువాని ప్రక్కన కూర్చుండి పోవుచుండగా అధికారులు ఆపి, మెన్నో ఈ బండిలో ఉన్నాడా అని అడిగిరట. ఆయన వంగి లోపలివారిని అదే ప్రశ్న అడిగి, లేడని వీరు చెప్పుచున్నారు అని జవాబిచ్చెనట. ఇది నిజమని రుజువులేదు, కథగానే చెప్పుచున్నాను. అది అబద్ధము క్రిందికి వచ్చునా రాదా అని ఆ ఇండ్లలోని పిల్లలు ఇంకను పెద్దలతో వాదింతురట.

1544లో ఎమ్డెన్ పట్టణములో, సంస్కరణ సంఘపు పెద్దయైన యాన్ లాస్కీతో మెన్నో బహిరంగముగా వాదించెను. మరుసటి ఏట ఆ సీమను ఏలు అన్నా ప్రభ్వి ఆజ్ఞలో ఆయన మనుష్యులను మెన్నో వారు అను అర్థముగల పేరుతో పిలిచెను. మన వాడుకలోనికి వచ్చిన పేరు అక్కడ పుట్టినదే. ఆయన మాత్రము తన పేరును ఎన్నడును ముందు పెట్టుకొనలేదు. తాను అచ్చువేయించిన పుస్తకములన్నిటి ముందు పుటమీద పైన చెప్పిన అధ్యాయములోని 11వ వచనమునే వేయించెను.

కొలోన్, లూబెక్, విస్మార్ – ఇట్లు తిరుగుచు పోయెను. విస్మార్ సంగతి మరువరానిది. 1553లో ఇంగ్లాండునుండి తరుమబడిన లాస్కీ సంఘస్థుల ఓడ ఒకటి డిసెంబరు చలిలో ఆ రేవు దగ్గర మంచులో చిక్కుకొనెను. వీరు మెన్నోతో విరోధముగల సంఘమువారే. పట్టణములో దాగియున్న మెన్నో మనుష్యులు, తాము బయటపడుదుమని తెలిసియు, మంచుమీద నడచిపోయి వారికి రొట్టె అందించి ఊరిలోనికి తెచ్చిరి. తమలో తాము పోగుచేసి 24 తాలర్లు ఇచ్చిరి. డబ్బు మాయొద్ద ఉన్నది, పని దొరికిన చాలునని వారు తిప్పి పంపిరి. మేలు పొందినవారే కొన్ని దినములకు సిద్ధాంతముల వాదమునకు దిగిరి, మెన్నోయు వదలిపెట్టలేదు. ఇరువైపుల మాటలు కటువెక్కినవి. 1554లో మెన్నో జనులు ఆ పట్టణమును విడువవలసివచ్చెను.

కడపటి ఏండ్లలో ఆయనను ఎక్కువ బాధించినది రాజుల ఆజ్ఞలు కాదు. సంఘమునుండి వెలివేయబడినవానితో అతని భార్యయైనను కలిసి ఉండరాదని ఆయన తోటి పెద్దలు కొందరు పట్టుబట్టిరి. మనస్సాక్షిని బలవంతపెట్టరాదని మెన్నో మొదట ఎదిరించి వ్రాసెను. తరువాత కఠినమైన పక్షమునకే లొంగెను. దానివలన సంఘములు చీలెను, ఆయన దుఃఖపడెను. అన్ని ఏండ్లు చక్రవర్తికి లొంగనివాడు స్వజనులకు లొంగెననుట నాకు విచారము కలిగించుచున్నది.

గుడిసె మాత్రము కడకు దొరికినది. హోల్‌స్టైన్ సీమలో బర్తొలొమేయు ఆలెఫెల్డ్ అను ప్రభువు, యౌవనమున సైనికుడుగా హాలెండులో ఉండి అనబాప్తిస్టులు చంపబడుట కన్నులార చూచినవాడు. వారి మరణము చూచి కదలినవాడై, తన ఫ్రేసెన్‌బుర్గ్ జాగీరులోని వుస్టెన్‌ఫెల్డె అను పల్లెలో వారికి చోటిచ్చెను. రాజులు ఒత్తిడిచేసినను వెళ్లగొట్టలేదు. అక్కడ మెన్నో ఒక అచ్చు యంత్రము పెట్టుకొని పుస్తకములు వేయించెను. అప్పటికి కుంటివాడై ఊతకర్రతో నడచుచుండెను. గేర్ట్రూడ్ ఆయనకంటె ముందే కన్నుమూసెను. 1561 జనవరి 31న, గురుపదవిని విడిచిన 25 సంవత్సరములకు, ఆయన చనిపోయెను. తన తోటలోనే పాతిపెట్టిరి.

ముప్పది ఏండ్ల యుద్ధములో ఆ పల్లె పాడైపోయెను. సమాధి ఏ మూలనున్నదో ఎవరికిని తెలియదు. 1906లో అక్కడ ఒక జ్ఞాపకపు రాయి నిలిపిరి. దగ్గరలో బాడ్ ఓల్డెస్లో ఊరి పొలిమేరన ఒక చిన్న పాత ఇల్లును, ఆయన నాటెనని చెప్పుకొను లిండెన్ చెట్టును ఉన్నవి. పింగ్యుమ్‌లోనైతే, ఆయన తరువాతి కాలమున విశ్వాసులు కట్టుకొన్న ప్రార్థనాగృహము నేటికిని నిలిచియున్నది. దానికి గోపురము లేదు, గంట లేదు. దారిన పోవువారికి అది మామూలు కాపురపు ఇల్లువలె కనబడును. వెదకి వచ్చిన కుటుంబములు సహా అడిగి తెలిసికొనిగాని దాని తలుపు గుర్తుపట్టలేరు.