అట్టపెట్టెల ఫ్యాక్టరీ వదిలి పాటల్లోకి...

వెస్ట్‌లైఫ్ బ్యాండ్ పాడిన ‘సీజన్స్ ఇన్ ద సన్’ పాట కాలేజీ ఫేర్‌వెల్ వీడియోల వెనకాల ఎప్పుడో ఒకసారి మీ చెవిన పడే ఉంటుంది. అంతకుముందు 1974లో టెర్రీ జాక్స్ అనే కెనడా గాయకుడు పాడితే ప్రపంచమంతా మార్మోగిపోయింది. నిజానికి ఆ పాట ఇంగ్లిష్‌ది కాదు. 1961లో ఫ్రెంచిలో వచ్చింది. రాసిందీ పాడిందీ బెల్జియం దేశస్థుడు జాక్ బ్రెల్. ఇంగ్లిష్‌లో తియ్యగా వినిపించే ఆ వీడ్కోలు మూలంలో అంత తియ్యగా ఉండదు. చావు దగ్గరపడిన మనిషి తన వాళ్లందరికీ వెటకారం కలిపి చెప్పే వీడ్కోలు అది. ఆ వెటకారమే బ్రెల్ ట్రేడ్‌మార్క్.

సంగీతం తెలిసినవాళ్లు బ్రెల్‌ని రాక్ సింగర్ అంటే ఒప్పుకోరు. ఫ్రెంచిలో ‘షాన్సాఁ’ అనే సంప్రదాయం ఉంది. మాటకే పెద్దపీట వేసే పాట అది. అతను ఆ బాపతు. కానీ డేవిడ్ బోవీ, స్కాట్ వాకర్, అలెక్స్ హార్వీ లాంటి రాక్ గాయకులు అతని పాటల్ని ఇంగ్లిష్‌లో ఏరికోరి పాడుకున్నారు. పారిస్‌లోని ఒలింపియా హాల్లో అతను ‘ఆమ్‌స్టర్‌డామ్’ పాడిన వీడియో ఇప్పటికీ యూట్యూబ్‌లో దొరుకుతుంది. మొహమంతా చెమట, చేతులు గాల్లో, చివరికొచ్చేసరికి దాదాపు కేక. భాష తెలియకపోయినా చూడండి, అతన్ని రాక్ వాళ్లు ఎందుకు తమవాడనుకున్నారో అర్థమైపోతుంది.

బ్రెల్ 1929 ఏప్రిల్ 8న బ్రస్సెల్స్ దగ్గరి స్కార్‌బేక్‌లో పుట్టాడు. తండ్రి రొమాఁ బ్రెల్‌కి అట్టపెట్టెలు తయారుచేసే ఫ్యాక్టరీలో వాటా ఉంది. వాళ్ల మూలాలు ఫ్లెమిష్, ఇంట్లో మాట్లాడేది ఫ్రెంచి. బెల్జియంలో ఈ రెండు భాషల గొడవ చిన్నది కాదు, అది అతన్ని జీవితాంతం వెంటాడింది. చదువులో మాత్రం వెనకబెంచీ. రాయడం, నాటకాలు వేయడం ఇష్టం, మిగతా సబ్జెక్టుల్లో మార్కులు రాలేదు. ఇక లాభం లేదని 1947లో తండ్రి తన ఫ్యాక్టరీలోనే సేల్స్ పనిలో పెట్టాడు. అంటే పద్దెనిమిదేళ్లకే ఉద్యోగం, అదీ సొంత కంపెనీలో. ఇంటర్వ్యూ లేదు, బాండ్ లేదు. రేపో మాపో ఆ వాటా అతనికే వస్తుంది. మన ఇళ్లలో ఇంతకంటే సెటిల్ అవ్వడం ఏముంటుంది?

కానీ ఆ పని అతనికి ఊపిరాడనివ్వలేదు. అప్పట్లో లా ఫ్రాన్ష్ కోర్డే అనే క్యాథలిక్ యువజన సంఘంలో చేరి నాటకాలు ఆడేవాడు, గిటార్ పట్టుకుని పాడేవాడు. తెరేజ్ అనే అమ్మాయి పరిచయమైంది కూడా అక్కడే. అందరూ మిష్ అని పిలిచేవారు. 1950లో పెళ్లి, ఏడాదిన్నరకి కూతురు. పగలు అట్టపెట్టెలు, రాత్రి పాటలు రాసుకోవడం. 1952, 53ల్లో బ్రస్సెల్స్‌లోని లా రోజ్ న్వార్ అనే క్యాబరేలో పాడటం మొదలెట్టాడు. క్యాబరే అనగానే మన పాత సినిమాల డాన్సులు గుర్తుతెచ్చుకోకండి. చిన్న హాలు, కొద్ది టేబుళ్లు, ఒక మూల నిలబడి పాడే మనిషి, అంతే.

1953 ఫిబ్రవరిలో ఫిలిప్స్ కంపెనీకి ఒక రికార్డు ఇచ్చాడు. జనం పెద్దగా కొనలేదు. కానీ పారిస్‌లో కొత్త గొంతుల్ని వెతికిపట్టే జాక్ కానెట్టి దాన్ని విన్నాడు. ఒకసారి వచ్చి కనబడమని కబురు పెట్టాడు. ఇక్కడ ఒక విషయం గమనించాలి. కానెట్టి పిలిచాడే తప్ప జీతం ఇస్తానని చెప్పలేదు. అది ఆఫర్ లెటర్ కాదు, కాల్ లెటర్. దాన్ని నమ్ముకుని ఉద్యోగం వదిలేస్తానంటే ఇంట్లో ఒప్పుకోలేదు. అప్పటికి ఇద్దరు పిల్లలు. అయినా 1953లో గిటార్ తీసుకుని ఒక్కడే పారిస్ రైలెక్కాడు.

తర్వాతి మూడునాలుగేళ్ల గురించి అతని అభిమానులు గబగబా చెప్పేసి హిట్ పాటల దగ్గరికి వెళ్లిపోతుంటారు. నాకైతే ఆ కథలో అసలు సరుకంతా అక్కడే ఉందనిపిస్తుంది. చవక హోటల్లో గది. దాని అద్దె కోసం ఒక సర్కస్ కళాకారుడికి గిటార్ పాఠాలు. రాత్రి ఒక క్యాబరేలో రెండు పాటలు, అక్కణ్నుంచి పరిగెత్తి ఇంకో క్యాబరేలో రెండు, మళ్లీ ఇంకోటి. కానెట్టి నడిపే ట్రువా బోదే థియేటర్లో కొన్ని నిమిషాలు. చూడ్డానికి పొడుగ్గా, సన్నగా, పెద్ద పళ్లతో ఉండేవాడు, స్టేజీ మీద చేతులు ఏం చేయాలో తెలిసేది కాదు. పాటల్లో నీతిబోధ పాలు ఎక్కువ. క్యాథలిక్ సంఘం వాసన వదలని కుర్రాడని తోటివాళ్లు ఆటపట్టించేవారు. క్నోకె అనే సముద్రతీర పట్టణంలో జరిగిన పాటల పోటీలో ఇరవై ఎనిమిది మందిలో ఇరవై ఏడో స్థానం వచ్చింది. చివరి నుంచి రెండోది! బ్రస్సెల్స్‌కి తిరిగి వెళ్లడానికి మంచి రైళ్లే ఉన్నాయి కదా అని ఒక పత్రికా విమర్శకుడు ఎత్తిపొడిచాడని చెప్పుకుంటారు.

అయితే ఆ ఓటములన్నీ వృథా పోలేదు. అప్పటికే పేరున్న గాయని జూలియెట్ గ్రెకో అతని పాట ఒకటి విని 1954లో ఒలింపియాలో తానే పాడింది. తన గొంతు నచ్చకపోయినా తన రాత కొందరికి నచ్చుతోందని అతనికి తెలిసొచ్చింది. అదే ఏడాది మొదటి ఆల్బమ్. 1955లో భార్యాపిల్లలు పారిస్ శివార్లకు వచ్చారు. 1956లో ‘కాఁ తోన్ నా కె లామూర్’ పాట వచ్చింది. ప్రేమ తప్ప చేతిలో ఇంకేమీ లేనివాడి గురించిన పాట అది. ఆ పాటతో దేశం మొత్తం అతని పేరు విన్నది. మరుసటి ఏడాది షార్ల్ క్రో అకాడమీ బహుమతి వచ్చింది.

ఇంకో సంగతి. బ్రెల్ సంగీతాన్ని శాస్త్రీయంగా నేర్చుకోలేదు. 1956లో పరిచయమైన ఫ్రాన్స్వా రోబేర్, ఆ తర్వాత వచ్చిన పియానో కళాకారుడు జెరార్ జువానెస్ట్, ఇద్దరూ బాగా చదువుకున్న సంగీతకారులు. రోబేర్ వాద్యబృందానికి స్వరాలు కూర్చేవాడు, జువానెస్ట్ పియానో ముందు కూర్చుని బాణీలు కట్టేవాడు, బ్రెల్ మాటలతో నింపేవాడు. ఈ ముగ్గురి జట్టు చివరి ఆల్బమ్ దాకా విడిపోలేదు. నాలుగో మనిషి జోర్జ్ పాస్కియే, ముద్దుపేరు జోజో. పెట్రోలియం రంగంలో ఇంజినీరు. ఆ పని వదిలేసి బ్రెల్ వెంట డ్రైవర్‌గా, మేనేజర్‌గా, అన్నిటికంటే ముందు స్నేహితుడిగా తిరిగాడు. మన బ్రాంచీ వాళ్లు ఎక్కడెక్కడో తేలుతుంటారు మరి!

1959లో ‘న మ కిత్ పా’ వచ్చింది. నన్ను వదిలి వెళ్లకు అని దాని అర్థం. దీన్ని ప్రేమగీతమని ప్రపంచమంతా పాడుకుంది, బ్రెల్ మాత్రం అది మగవాడి పిరికితనం గురించిన పాట అనేవాడు. ఆ కోణంలో వింటే పాట మొత్తం మారిపోతుంది. 1961లో ఒలింపియాలో పాడాల్సిన మార్లీన్ డీట్రిచ్ రానని చెప్పడంతో ఆ ఖాళీలో బ్రెల్‌కి ప్రధాన గాయకుడిగా అవకాశం దొరికింది. ఆ రాత్రుల తర్వాత ఫ్రెంచి పాటలో అతనే నంబర్ వన్. 1962లో ఫిలిప్స్ వదిలి బార్క్లే కంపెనీకి మారాడు. 1965లో సోవియట్ యూనియన్, అదే ఏడాది డిసెంబరులో న్యూయార్క్‌లోని కార్నెగీ హాల్.

పని మాత్రం గాడిద చాకిరీయే. కొన్నేళ్లలో మూడొందల పైచిలుకు కచేరీలు. ప్రతి రాత్రీ స్టేజీ ఎక్కేముందు భయంతో వాంతి చేసుకునేవాడు. సూపర్‌స్టార్ అయ్యాక కూడా ఆ భయం పోలేదు. ఎక్కాక అరగంట, గంట సేపు ఒళ్లు దాచుకోకుండా పాడి దిగిపోయేవాడు. జనం ఎంత అరిచినా మళ్లీ వచ్చి ఇంకో పాట పాడేవాడు కాదు. ఒక నటుడు నాటకం అయిపోయాక మళ్లీ ఓ సీన్ ఆడడు కదా అన్నది అతని లెక్క. సిగరెట్లు ఒకటి తర్వాత ఒకటి. కుటుంబం 1958లోనే బ్రస్సెల్స్ తిరిగి వెళ్లిపోయింది. ముగ్గురు కూతుళ్లకూ నాన్న అంటే అప్పుడప్పుడూ వచ్చి వెళ్లే మనిషి. వేరే స్త్రీలతో అతని జీవితం ఏళ్ల తరబడి సాగింది. మిష్ విడాకులు తీసుకోలేదు, పాటల హక్కులు చూసే కంపెనీ పనులు నడిపింది. అతను పారిస్‌లో తెగించగలగడం వెనక ఇంటి బరువు మోసిన ఈ మనిషి ఉంది. బ్రెల్ మీద రాసేవాళ్లు ఈ పద్దు తరచూ మర్చిపోతుంటారు.

1966లో, ముప్పై ఏడేళ్లకి, కచేరీలు మానేస్తున్నానని ప్రకటించాడు. ఎవరూ నమ్మలేదు. ఒక ఊళ్లో ఒకే చరణాన్ని రెండుసార్లు పాడేశాడని, యంత్రంలా పాడుతున్నానని తనకే అనిపించిందని, ఆ రాత్రే నిర్ణయం తీసుకున్నాడని అంటారు. మోసం చేయడం మొదలుపెట్టకముందే ఆగిపోవాలన్నది అతని వాదన. డబ్బు వస్తోంది, హాళ్లు నిండుతున్నాయి, గొంతు బాగుంది. అలాంటప్పుడు ఎవరు మానేస్తారు? ఆ అక్టోబరులో ఒలింపియాలో వీడ్కోలు కచేరీలు పెట్టాడు. చివరి రాత్రి జనం కదలకపోతే డ్రెస్సింగ్ గౌనులోనే బయటికొచ్చి దండం పెట్టాడు, పాట మాత్రం పాడలేదు. అక్కడితో తెంచుకోలేదు కూడా. ముందే ఒప్పుకున్న కచేరీలన్నీ నోటీస్ పీరియడ్ లాగా పూర్తిచేసి, 1967 మే 16న రుబే అనే పట్టణంలో ఆఖరిసారి పాడాడు.

తర్వాత ఏం చేశాడంటే, చాలా. న్యూయార్క్‌లో ‘మ్యాన్ ఆఫ్ లా మాంచా’ నాటకం చూసి, ఫ్రెంచిలోకి తనే రాసి, 1968లో బ్రస్సెల్స్‌లో, పారిస్‌లో డాన్ కిహోటే వేషం కట్టాడు. సినిమాల్లో నటించాడు. వాటిలో 1973 నాటి కామెడీ ‘లెమెర్దర్’ బాగా ఆడింది. తనే డైరెక్ట్ చేసిన రెండింటిలో ‘ఫ్రాంజ్’కి కాస్త మర్యాద దక్కింది, ‘ల ఫార్ వెస్ట్’ కాన్‌లో చూపించినా ఘోరంగా పోయింది. మధ్యలో విమానం నడపడం నేర్చుకున్నాడు. సరదాకి కాదు, 1970లో జెనీవాలో కూర్చుని పరికరాల ఆధారంగా నడిపే లైసెన్సు సాధించాడు. స్కూల్లో లెక్కలు ఎక్కని మనిషి నలభై ఏళ్లు దాటాక నావిగేషన్ పరీక్ష పాసయ్యాడు.

1974లో ఆస్కోయ్ అనే పద్దెనిమిది మీటర్ల తెరచాప పడవ కొని, ప్రపంచం చుట్టి వస్తానని జులైలో ఆంట్‌వర్ప్ నుంచి బయల్దేరాడు. పక్కన మాడ్లీ బామీ అనే నటి, రెండో కూతురు ఫ్రాన్స్. దారిలో ఉండగానే జోజో చనిపోయాడని తెలిసి అంత్యక్రియలకు వెనక్కి వచ్చాడు. కొద్ది వారాలకే తన ఊపిరితిత్తిలో క్యాన్సర్ బయటపడింది. నవంబరులో బ్రస్సెల్స్‌లో ఆపరేషన్ చేసి కొంత భాగం తీసేశారు. డాక్టర్లు విశ్రాంతి అన్నారు. అతను మళ్లీ పడవెక్కి అట్లాంటిక్ దాటేశాడు. పనామా కాలువ మీదుగా పసిఫిక్‌లోకి, 1975 నవంబరుకి మార్కెసాస్ దీవుల్లోని హివా ఓవాకి. అక్కడి అటువోనా ఊరివాళ్లకి అతనెవరో తెలియదు. బహుశా అందుకే అక్కడ ఆగిపోయాడు.

ఒక పాత ట్విన్ బొనాంజా విమానం కొని దానికి జోజో అని పేరు పెట్టాడు. తాహితీ అక్కడికి 1400 కిలోమీటర్ల దూరం. దీవుల మధ్య ఉత్తరాలు, సామాన్లు, ఒక్కోసారి రోగులు, గర్భిణులు కూడా ఆ విమానంలో ప్రయాణం చేసేవారు. ఊళ్లో ఆరుబయట సినిమాలు వేసేవాడు.

1977లో పారిస్ వచ్చి రోబేర్, జువానెస్ట్‌లతో ఆఖరి ఆల్బమ్ రికార్డు చేశాడు. ఊపిరి అందేది కాదు, అయినా వాద్యబృందంతో పాటు నిలబడే పాడాడు. ప్రచారం వద్దన్నాడు. ఆ మాటనే బార్క్లే కంపెనీ ప్రచారం చేసేసింది! రికార్డుల్ని నంబర్ తాళాల పెట్టెల్లో షాపులకి పంపి, నవంబరు 17న ఒకే సమయానికి ఫోన్లో కోడ్ చెప్పింది. ముందస్తు ఆర్డర్లే పది లక్షలు. బ్రెల్‌కి ఇదంతా నచ్చలేదు, అప్పటికే తన దీవికి వెళ్లిపోయాడు. ఆ ఆల్బమ్‌లో ఫ్లెమిష్ జాతీయవాదుల్ని తిట్టిన పాట ఒకటుంది, దాని మీద బెల్జియంలో పెద్ద రభస జరిగింది. నా మటుకు నాకు అది అతని మంచి పాటల్లో ఒకటి కాదు. ఆర్డర్ల లెక్కకీ పాట నాణ్యతకీ సంబంధం లేదు.

1978 జులైలో జబ్బు తిరగబెట్టి ఫ్రాన్స్ తీసుకొచ్చారు. అక్టోబరు 9న పారిస్ పక్కనే ఉన్న బొబిగ్నీ ఆసుపత్రిలో చనిపోయాడు. అప్పటికి నలభై తొమ్మిదేళ్లు. అటువోనా కొండ మీది శ్మశానంలో, చిత్రకారుడు పాల్ గోగాన్ సమాధికి కొద్ది దూరంలో పూడ్చిపెట్టారు. కూతురు ఫ్రాన్స్ 1981లో బ్రస్సెల్స్‌లో అతని పేరిట ఒక ఫౌండేషన్ పెట్టింది. నగర మెట్రోలో ఒక స్టేషన్ పేరు జాక్ బ్రెల్. ఆస్కోయ్ పడవ ఎన్నో చేతులు మారి న్యూజిలాండ్ తీరంలో ఇసుకలో కూరుకుపోతే, దాని ఇనుప అస్థిపంజరాన్ని తవ్వి తీసి బెల్జియం తెచ్చారు. జోజో విమానం మాత్రం ఆ దీవిలోనే ఉంది. బాగుచేసి, అటువోనాలో బ్రెల్ పేరిట కట్టిన హాల్లో పైకప్పుకి వేలాడదీశారు.